నేను తోమిన గుండిగ

జూబ్లీ హిల్స్‌లో ఇళ్ళకన్నా బండరాళ్ళే ఎక్కువగా ఉన్న రోజులవి. సినిమావాళ్ళు ఒక్కొక్కరే మద్రాసులో సామాను సర్దుకుని ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కలకి దిగుతున్నారు. మనిషికి ఎంత తక్కువ తెలిస్తే అంత ధైర్యం ఉంటుందనడానికి ఆనాటి నాకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు. కెమిస్ట్రీలో బీయస్సీ ఫస్టుక్లాసులో పాసై, ఉద్యోగం దొరక్క, మధురానగర్‌లో మా పెదనాన్నగారింట్లో తిని కూర్చుంటుంటే, ఆయన స్నేహితుడైన ఒక ఆర్ట్ డైరెక్టరుగారు జాలిపడి నన్ను అసిస్టెంటుగా చేర్చుకున్నారు. (ఆ జాలి నా మీదో, మా పెద్దమ్మ మీదో ఇప్పటికీ తేలలేదు.) సెట్లో రాతి స్తంభమంటే థర్మకోల్, సింహాసనమంటే ప్లైవుడ్. అలాంటి చోట అసలు సిసలు లోహం కనబడితే నాకు పూనకం వచ్చేది. రాగిలో జింకు కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు అని మొదలుపెట్టి, కరెంటు తీగలకు రాగే ఎందుకో, ఉప్పునీళ్ళలో తిరిగే ఓడ పంకాలకు కంచు జాతి లోహాలెందుకో, పెట్రోలు డిపోల్లో నిప్పురవ్వలు రాలకుండా రాగి కలిసిన పానాలు, సుత్తులు ఎందుకు వాడతారో, టీ తాగుతున్నవాళ్ళని కదలనివ్వకుండా చెప్పేదాన్ని. అందరూ నన్ను సైన్సమ్మ అనేవారు. అది మెచ్చుకోలనే అనుకునేదాన్ని.

అప్పుడు తీస్తున్నది ఒక జమీందారు కుటుంబం కథ. వంటింటి సెట్లోకి పెద్ద ఇత్తడి గుండిగ కావాల్సి వస్తే, మా నిర్మాతగారు వాళ్ళమ్మగారి గుండిగ పంపించారు. ఆవిణ్ణి యూనిట్ అంతా బామ్మగారనేవాళ్ళం. కొడుకు జూబ్లీ హిల్స్‌లో మేడ కట్టినా ఆవిడ వంట మాత్రం తెనాలి నుంచి తెచ్చుకున్న గిన్నెల్లోనే సాగేది. కొడుకు తీసిన ప్రతి సినిమాకీ, గుమ్మడికాయ కొట్టి షూటింగ్ ముగించిన రోజున, ఆవిడ ఆ గుండిగలోనే యూనిట్ మొత్తానికి స్వయంగా పులిహోర చేసి పెట్టేది. అది తింటేనే సినిమా ఆడుతుందని నిర్మాతగారికి సెంటిమెంటు. ఆవిడకైతే ఏడాదికి ఒకసారో రెండుసార్లో వచ్చే పెద్ద పండగ.

క్రేన్ మీద కెమెరా పై నుంచి దిగుతుంది కాబట్టి గుండిగ లోపల కూడా బంగారంలా మెరవాలన్నారు ఆర్ట్ డైరెక్టరుగారు. లోపల చూస్తే గోడలంతా తెల్లగా, మసకగా ఏదో పేరుకుని ఉంది. ఇంత డబ్బున్నవాళ్ళు గిన్నెలు తోమించుకోరా అని ఆశ్చర్యపోయి, చింతపండు, ఇటుకపొడి, గరుకు కాగితం దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. సామాన్లు చూసే ప్రాపర్టీ తాత కాసేపు చూసి, “సైన్సమ్మా, గా తెలుపు మురికి గాదేమో. జర బామ్మగారినడుగు,” అన్నాడు. ఆయనకి నేను ఇత్తడి తయారీ మీద అరగంట ఉపన్యాసం ఇచ్చాను. పాపం, బీడీ కూడా ముట్టించుకోకుండా విన్నాడు. మూడు రోజులు రుద్దేసరికి గుండిగ ధగధగలాడింది. షాటు ఓకే అయింది. డైరెక్టరుగారు నా పేరడిగి మరీ మెచ్చుకున్నారు.

గుమ్మడికాయ కొట్టిన రోజు నిర్మాతగారింటి ఆవరణలో విస్తళ్ళు వేశారు. మడి కట్టుకున్న బామ్మగారు వంటింట్లోకి ఎవరినీ రానివ్వదు. దేవుడికి నైవేద్యం పెట్టి, పులిహోర బేసిన్లలోకి ఎత్తి గుమ్మం దాకా తెచ్చి ఇస్తోంది. శుక్లాలు ముదిరిన కళ్ళావిడవి, అంతా చేతి అంచనాతోనే చేస్తుంది. నా గొప్ప నేను చెప్పుకోకపోతే ఇంకెవరు చెబుతారని, గుమ్మం దగ్గర నిలబడి చెప్పాను.

“బామ్మగారూ, మీ గుండిగ లోపల ఎన్నేళ్ళ మురికో తెల్లగా పట్టేసిందండీ. మూడు రోజులు కూర్చుని మొత్తం వదలగొట్టాను.”

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. వెనక్కి వెళ్ళి, గుండిగ అంచు లోపల వేలితో తడిమి చూసుకుంది.

“అది మురికి కాదే అమ్మాయ్. కళాయి.”

కళాయంటే తగరం పూత. అది లేని ఇత్తడిలో పులుపు వండితే చిలుము దిగి తిండి విషమవుతుంది. ఆవిడ అందులో తెల్లవారుజాము నుంచీ చింతపండు పులుసు ఉడికించింది. యాసిడ్ తగిలితే రాగి ఏమవుతుందో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను, చింతపండులో ఉన్నదీ యాసిడేనని తట్టి చావలేదు. తగరం గురించి ఊరందరికీ పాఠాలు చెప్పి, కళ్ళెదుటి తగరాన్ని గీకి పారేశాను. అప్పటికే బేసిన్లు బయటికి వెళ్ళాయి, వడ్డన అయిపోయింది, నిర్మాతగారు మొదటి ముద్ద ఎత్తితే అందరూ మొదలుపెడతారు.

పరుగెత్తాను. నిర్మాతగారి విస్తరి ముందు నిలబడి నోరు తెరిచాను. చెబితే గుమ్మడికాయ రోజున అన్నం పారబోయించిన దరిద్రపు కాలు నాదవుతుంది, ఇంక ఫిల్మ్‌నగర్‌లో నన్ను ఏ సెట్టు గడపా తొక్కనివ్వరు. చెప్పకపోతే అంతమంది ప్రాణాలు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో కూడా నేను నా ఉద్యోగం గురించే ఆలోచించాను.

“ఆగండిరా. ఎవరూ ముట్టుకోకండి,” అని వెనక నుంచి వినబడింది. మడిబట్టతోనే బామ్మగారు బయటికొచ్చేసింది. “ఉప్పు రెండుసార్లు పడింది. నోట్లో పెట్టలేరు.”

నిర్మాతగారి మొహం తెల్లబోయింది. ఫరవాలేదమ్మా, పెరుగు కలుపుకుని తింటాం, ఇవాళ పారబోస్తే అశుభం అని బతిమాలారు. ఆవిడ వినలేదు. ఆయన విస్తరి తనే మడిచి తీసేసింది. నేను నోరు కదపబోతే, లోపలికి వెళ్ళి పెరుగన్నం సంగతి చూడమని కసిరింది.

గుమ్మం దగ్గర ఆవిడ నైవేద్యంలోంచి నా అరచేతిలో పెట్టిన ముద్ద నేను గొప్పలు చెప్పకముందే మింగేశాను కాబట్టి, సాయంత్రానికి నాలుగు వాంతులతో శాస్త్రం రుజువైంది. నాలుగో రోజున బామ్మగారి కాళ్ళ మీద పడి, మీ అబ్బాయిగారికి నిజం చెప్పేస్తానన్నాను. “నువ్వింకా బతకాల్సిన దానివి. గుండిగ పట్టుకెళ్ళి కళాయి వేయించుకురా,” అంది ఆవిడ. అంతే, ఒక్క తిట్టు లేదు. తిడితే బాగుండుననిపించింది.

సినిమా ఆడలేదు. బామ్మగారి ఉప్పు తగిలిందన్నారు యూనిట్లో. ఆ తరవాత గుమ్మడికాయ రోజున భోజనాలు బయటి నుంచి తెప్పించడం మొదలైంది, ఆవిణ్ణి మళ్ళీ ఎవరూ వండమనలేదు. నేను మాత్రం ఆ కంపెనీలోనే ఏళ్ళ తరబడి పనిచేశాను. భోజనాల దగ్గర ఎవరో ఒకరు ఆ ఉప్పు సంగతి తీసేవారు, అందరూ నవ్వేవారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వేదాన్ని. ఆ సైన్సమ్మ ఇప్పుడు ఎదురుపడితే, నవ్వుతూనే దాని చెవి మెలిపెడతాను.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ పులిహోర రుచి చూసినదాన్ని నేనొక్కదాన్నే కనక చెబుతున్నాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది.