ఎస్తేరమ్మ కడిగిన ఉప్పు

కార్తీకంలో తిరుపతికి ముసురు పట్టిందంటే ఎండ మొహం చూడటానికి రోజులు పడుతుంది. మొన్న అలాంటి ముసురులో మా వీధి చివరి అంగడి అరుగు మీద తలదాచుకున్నాను. గడప పక్కన రాళ్ళ ఉప్పు మూట ఉంది. గోనె చెమర్చి, అడుగు నుంచి సన్నటి ధార అరుగు మీదికి పారుతోంది. తడిసిన గోనె వాసన. ఆ నీటిని వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాను. ముందు ఉప్పన, వెనకే నాలుక మొదట్లో పట్టుకునే చేదు. "ఏం పెద్దాయనా, ఉప్పు రుచి మర్సిపోయినావా?" అని అంగడివాడు నవ్వాడు. మర్చిపోలేదు. ఆ చేదును ఉప్పు నుంచి విడదీయడానికే బతికిన మనిషి దగ్గర నేను పనిచేశాను. ఆమెను తలచుకున్నప్పుడు గౌరవం కంటే ముందు నాకు సిగ్గు వస్తుంది. ఎందుకో చెప్పాలంటే ఆమెను మీకు చూపించాలి.

తొంభైల మొదట్లో చంద్రగిరి దగ్గర మా ఊళ్ళో వేరుశనగ వరసగా ఎండిపోయింది. బావిలో నీళ్ళు లేవు. బడి చదువు లేనివాణ్ణి. పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువుకుంటూ అక్షరాలు నేర్చినవాణ్ణి. రేణిగుంట రోడ్డులో ఉప్పు షెడ్డు ఉందని, మూటలు చూసుకోవడానికి మనిషి కావాలని తెలిసి వెళ్ళాను. ఆ షెడ్డు ఎస్తేరమ్మది. సముద్రం ఒడ్డున ఉప్పు కయ్యల్లో పుట్టి పెరిగిన మనిషి. మొగుడు ఉప్పు లారీ నడుపుతూ ఇటువైపు వచ్చి, ఇక్కడే పోయాడు. ఆమె తిరిగి పోలేదు. షెడ్డు బాడుగకు తీసుకుంది. యాభై దాటిన వయసు, లావుపాటి గొంతు, ఆదివారం పొద్దున చర్చికి పోయేటప్పుడు తప్ప విప్పకుండా నడుముకు బిగించిన కొంగు.

ఆమెను ఏమని పిలవాలో నాకు తెలియలేదు. మా ఊళ్ళో అయితే ఊరి బయటి పేట ఆడవాళ్ళను, ఎంత పెద్దవాళ్ళనైనా, పేరు పెట్టి నువ్వు అనే అలవాటు. ఇక్కడ ఆమె జీతమిచ్చే యజమాని. 'అమ్మా' అనడానికి నోరు రాలేదు. పేరు పెట్టి పిలవడానికి ధైర్యం చాలలేదు. అందుకని ఆమెతో పని పడినప్పుడల్లా దగ్గర నిలబడి దగ్గేవాణ్ణి. కొన్నాళ్ళు ఊరుకుంది. ఒకరోజు కూలి ఆడవాళ్ళందరి ముందూ తిరిగి చూసింది.

"ఏందబ్బా మునిరత్నం, వచ్చిన కాణ్ణుంచి దగ్గుతాండావు? జలుబైతే మిరియాల కషాయం తాగు. కాకుంటే అమ్మా అను. రెండిట్లో యాదో ఒకటి చెయ్."

షెడ్డంతా నవ్వింది. ఆ రోజు నుంచి అమ్మా అన్నాను.

కయ్యల నుంచి వచ్చే ఉప్పు మట్టి రంగులో ఉండేది. బురద, ఇసుక, కంటికి కనపడని చేదు లవణాలు. మిగతా షెడ్లవాళ్ళు దాన్ని అట్లాగే మరలో వేసి ఆడించి అమ్మేవారు. ఎస్తేరమ్మ మాత్రం తొట్టిలో నీళ్ళు పోసి ఉప్పును కడిగించేది. మొదటిసారి చూసినప్పుడు ఆమెకు మతి పోయిందనుకున్నాను.

"ఉప్పును నీళ్ళల్లో కడిగితే ఏం మిగులుతాదమ్మా?"

"ఆ నీళ్ళల్లో ఏముండాదో సూడు ముందు. అడుగున కరక్కుండా నిలిచిందాకా ఉప్పు పోసి కలిపినా. కడుపు నిండినోడికి ఇంకో ముద్ద పెట్టు, తింటాడా? ఈ నీళ్ళకు కడుపు నిండిపోయింది. ఇంక ఉప్పు తినవు. మట్టిని, చేదును మాత్రం తీసుకుంటాయి."

కొయ్య పారలతో తిరగేసి, పైకి తీసి, వాలుగా కట్టిన బండ మీద కుప్ప పోసేవారు ఆమె, కూలి ఆడవాళ్ళు. చేదు నీళ్ళు బొట్టుబొట్టుగా కారిపోయేవి. ఆ తరువాతే ఎండకు వేయడం. తొట్టిలో నీళ్ళు పాతబడితే చేదు మళ్ళీ ఉప్పుకే అంటుతుందని వాటిని మార్చమనేది. ఇంకా పనికొస్తాయి కదమ్మా అంటే, "మురికి నీళ్ళల్లో నువ్వు స్నానం చెయ్, నేను సూస్తా" అనేది. అన్నీ ఆమెకు తెలిసి పుట్టలేదు. ఒకసారి నీళ్ళు తేటపడాలని తొట్టిలో పటిక కలిపింది. ఉప్పంతా వగరెక్కింది. తన తెలివిని తానే తిట్టుకుంటూ తొట్టి మొత్తం పారబోయించింది. ఇంకొకరైతే అమ్మేసేవాళ్ళే.

మొదటిసారి కుప్ప తెల్లగా ఆరిన రోజు, ఒక అరచేతిలో పాత ఉప్పు, రెండో అరచేతిలో కడిగిన ఉప్పు పెట్టి నాకి చూడమంది. అంతవరకు ఉప్పంటేనే కాస్త చేదుగా ఉంటుందని అనుకున్నాను. నలభై దాటాక నాకు ఉప్పు రుచి తెలిసింది. పొంగిపోయి ఒక మూట భుజాన వేసుకుని ఊరికి బస్సెక్కాను.

మా అమ్మ మూట విప్పి చూసింది. మొహం వెలిగింది. "మల్లెపూల మాదిరి ఉండాదే! యాడిది నాయనా?"

"మా షెడ్డుదే. కడిగినాము."

"కడిగినారా? నీళ్ళల్లోనా? ఎవురు?"

చెప్పాను. అమ్మ మూట మూతి మెల్లగా కట్టేసింది.

"పొడి ఉప్పుకు అంటు ల్యాదురా. తడిసినాక ఎవురి చెయ్యి తగిలిందో సూడల్ల."

"సముద్రం కాడ అది నీళ్ళల్లో నుంచి రాలేదా అమ్మా? కయ్యల్లో కాళ్ళతో తొక్కి తీసేది ఎవురనుకున్నావు? వాళ్ళే గదా!"

"అది మనం సూసినామా?" అంది అమ్మ.

అంతే. ఎంత వాదించినా ఆ ఒక్క మాటే. ఆ మూట కొట్టం చేరింది. కుడితిలో కలిపి బర్రెలకు పెట్టారు. మా ఇంట్లో గొడ్లు తెల్లటి ఉప్పు తిన్నాయి, మనుషులం మట్టి తిన్నాం. ఇలాంటి మూర్ఖత్వం ఎక్కడన్నా ఉంటుందా అని ఈ వయసులోనూ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మూర్ఖత్వం పరాయి ఇంటిది కాకపోవడమే నా బాధ. తిరిగి వెళ్ళాక, "మీ అమ్మకు నచ్చిందా?" అని ఎస్తేరమ్మ అడిగింది. తల దించుకున్నాను. ఆమె మళ్ళీ అడగలేదు.

మా అమ్మ అన్న మాటే అంగళ్ళూ అన్నాయి. అంత బాహాటంగా కాదు. "సరుకు బాగుండాది, అయితే పోవడం ల్యా" అంటూ మూటలు తిప్పి పంపారు. లారీ బాడుగలు, కూలీలు, షెడ్డు బాడుగ, అన్నీ మీద పడ్డాయి. ఒక్క పెద్ద బేరమన్నా కుదరకపోతే షెడ్డు మూయాల్సిందే. అప్పుడు వచ్చాడు జయరామయ్య. తిరుచానూరులో పెళ్ళి వంటలు ఒప్పుకునే పెద్ద మేస్త్రి. ఉప్పు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. గ్లాసు నీళ్ళల్లో కలిపి అడుగు చూశాడు. మట్టి లేదు.

"నా జన్మలో ఇట్లాంటి ఉప్పు సూడలేదు. ఎంత చేస్తే అంత తీసుకుంటా," అన్నాడు. తరువాత ఆమె వైపు చూడకుండా నా వైపు తిరిగాడు. "అయితే అప్పా, పెండ్లివాళ్ళు అడుగుతారు. మూట మీద నీ పేరు ఉండల్ల. సరుకు నువ్వే దింపల్ల. ఆయమ్మ ముందుకు రాకూడదు."

ఆయమ్మ అక్కడే ఉంది. మూడు అడుగుల దూరంలో. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. "నా పేరెందుకు? వద్దు," అన్నాను.

ఎస్తేరమ్మ పార పక్కన పెట్టి నవ్వింది. ఆ నవ్వు నేను అంతకు ముందు వినలేదు.

"వద్దనేదానికి నువ్వెవురబ్బా? షెడ్డు నాది. షెడ్డును బాడిగకు తీసుకోలా? అట్లే నీ పేరును తీసుకుంటాండా. పనికిమాలిన పేరు, ఈ ఊళ్ళో దానికైనా గిరాకీ ఉండాది."

"నాకు సిగ్గుగా ఉండాదమ్మా."

"పడు. నువ్వు పడాల్సిందే. పడతా పడతానే మూటలు ఎత్తు."

మూటల మీద 'మునిరత్నం ఉప్పు' అని అచ్చయింది. షెడ్డు నిలబడింది. పెళ్ళిళ్ళలో సాంబారు తిన్నవాళ్ళు నా చేతిని మెచ్చుకున్నారు. నా చెయ్యి తొట్టిలో పడిందే లేదు. మా అమ్మ ఇరుగుపొరుగును పిలిచి మూట చూపించి, "నా కొడుకు ఉప్పు" అని పంచింది. "అదే ఉప్పమ్మా, ఆమె కడిగిందే" అన్నాను. "మూట మీద నీ పేరు ఉండాది గదా, సాలు" అంది. కొండంత మురిపెం ఆ మొహంలో. కన్నతల్లిని చూసి తల వంచుకోవాల్సిన గతి ఎవరికీ రాకూడదు.

రెండువేల సంవత్సరం దాటాక అయోడిన్ పొట్లాలు అన్ని అంగళ్ళకూ వచ్చాయి. మాలాంటి చిన్న షెడ్లకు చోటు లేకుండా పోయింది. ఎస్తేరమ్మ షెడ్డు ఖాళీ చేసి సముద్రం ఒడ్డున కూతురి దగ్గరికి పోయింది. అక్కడే పోయిందని ఆలస్యంగా తెలిసి వెళ్ళాను. తెల్లసున్నం వేసిన సమాధి మీద ఆమె పేరు నల్లటి అక్షరాలతో రాసి ఉంది. ఇన్నేళ్ళలో ఆ పేరు రాసి ఉండగా నేను చూసింది అక్కడే.

నన్ను మాత్రం ఈ ఊరు ఇంకా ఉప్పు మునిరత్నం అనే పిలుస్తుంది. ఈమధ్య టీ బంకు దగ్గర ఒకాయన పట్టుకున్నాడు. తన పెళ్ళి భోజనం ఇప్పటికీ నాలుక మీదే ఉందట, అంతా నా ఉప్పు మహిమేనట. ఆ ఉప్పు నాది కాదని, ఎస్తేరమ్మదని, ఆమె ఎవరో, ఎట్లా కడిగేదో అంతా చెప్పాను. ఆయన గ్లాసు పట్టుకుని నోట్లో నాలుక తిప్పాడు, ఏదో వెతుక్కుంటున్నట్టు. తరువాత తేలిక పడ్డాడు.

"సాంబారు గదన్నా. ఉడికిపోయుంటాదిలే."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ మాట నాకు కొత్తది కాదు. నేను పుట్టిన ఇంట్లో పుట్టిన మాట. దాన్ని అన్నవాడి మొహం చూడలేక నేల చూశాను.

అప్పటినుంచి ఒక పని చేస్తున్నాను. వీధిలో ఎవరైనా వెనక నుంచి "ఉప్పు మునిరత్నం" అని పిలిస్తే వెంటనే పలకను. ముందు "ఎస్తేరమ్మ" అంటాను, పిలిచినవాళ్ళకు వినపడేటట్టు. తరువాతే వెనక్కి తిరుగుతాను.