ఒళ్ళో వేడెక్కిన ఉక్కు రింగు

డర్బన్ శివారు మొబేనిలోని పంపుల ఫ్యాక్టరీలో నా మూడు నెలల ట్రయల్ శుక్రవారంతో అయిపోతుంది. నేను సానబట్టిన ఉక్కు రింగు ఎగుడుదిగుడుగా ఉందని ఇన్‌స్పెక్టర్ తిప్పి పంపాడు. "పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో కాంతితో కొలుస్తారు, తీసుకుపో. అక్కడా తప్పితే ఉద్యోగం లేనట్టే," అని ఫోర్‌మన్ తేల్చేశాడు. ఈ దేశంలో తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చాక ఆంధ్రా నుంచి దిగినవాణ్ణి. ఉద్యోగం పోతే వీసా కూడా పోతుంది.

గురువారం ఉదయం ఏడింటికి డర్బన్‌లో మినీబస్ టాక్సీ ఎక్కాను. నిండితే గానీ కదలదు కాబట్టి ఏడూ నలభై అయింది. మీరెవరైనా వెళ్తే కిటికీ పక్కన కూర్చోండి, కొండలు బాగుంటాయట. నేనేమీ చూడలేదు. గుడ్డలో చుట్టిన రింగును ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాను.

గతుకులో అది జారబోతే "అమ్మో!" అన్నాను. పక్కనున్న పెద్దావిడ ముఖం విప్పారింది. పేరు రూత్ ఆంటీ, ఎప్పుడో చెరకుతోటల పనికొచ్చిన తెలుగువాళ్ళ మనవరాలు, పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లోని రైస్‌థార్ప్ పేటలో కూతురింటికి వెళ్తోంది. "మా అవ్వ తెలుగు మాటాడేది. నాకు తిట్లే వచ్చు," అని నవ్వి, మూట చూసి గదమాయించింది. "ఏమి అది, సంటిబిడ్డా? కింద పెట్టు, మ్యాన్! ఉడికిపోతాది."

నేను వింటేనా!

రైస్‌థార్ప్ అంగళ్ళ వెనక సందులోనే కాంతితో కొలిచే ఆ వర్క్‌షాపు. తొమ్మిదిన్నరకు అక్కడి పెద్దాయన రింగు మీద గాజుబిళ్ళ పెట్టి పసుపుదీపం వెలిగించాడు. గాజు నుంచీ ఉక్కు నుంచీ తిరిగొచ్చిన కాంతి కలిసి నల్లచారలు కడుతుంది. చారలు సూటిగా ఉంటే చదును. ఎంత వంగితే అంత ఎత్తుపల్లం, వెంట్రుకలో నూరోవంతైనా దాగదు.

నా చారలు విల్లులా వంగాయి. ఉద్యోగం గోవిందా అనుకున్నాను.

పెద్దాయన రింగును వేలితో తాకి అడిగాడు. "దీన్నెలా తెచ్చావు?"

"ఒళ్ళో పెట్టుకుని."

"అదీ సంగతి. నీ ఒంటి వేడికి ఒకవైపు ఉబ్బింది. ఫ్యాక్టరీలో కూడా చేత్తో పట్టుకునే ఇచ్చి ఉంటావు. చల్లారేదాకా బల్ల మీద వదిలేసి భోంచేసి రా."

ఎదుటి హోటల్లో చిక్కుడుగింజల కూర నింపిన రొట్టె, బన్నీ అంటారు, తెప్పించుకున్నాను. సగం కూడా దిగలేదు. ఒంటిగంటకు మళ్ళీ దీపం వెలిగింది. చారలు రూళ్ళ కాగితం మీద గీతల్లా సూటిగా ఉన్నాయి. హమ్మయ్య! రింగు చదునుగానే ఉందని రాసి ఆయన కాగితం మీద సంతకం చేస్తుంటే నా కళ్ళు చెమర్చాయి, సిగ్గుపడలేదు.

మూడింటి టాక్సీలో కిటికీ పక్కన కూర్చున్నాను. కొండలు నిజంగానే బాగున్నాయి. రింగును కాళ్ళ దగ్గర పెట్టి, ఆంటీ తిట్టు గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఆ కాగితాన్ని మాత్రం డర్బన్ దాకా ఒళ్ళోనే పెట్టుకున్నాను. వేడెక్కితే ఎక్కనీ.