గుర్రపుసాలకు కాపురం మార్చిన గంజమ్మ

ఆ ఎస్టేటులో అందరికంటే ముందు గూడు దొరికింది గుర్రాలకే. ఇప్పటి దొరగారి తాత పొలాల మధ్య బంగళా మొదలుపెట్టక ముందే, తాను గుడారంలో ఉంటూ సాల కట్టించాడట. రాతి పునాది, ఎత్తైన కమానులు, వేడిగాలి పైకి పోవడానికి కప్పు నడినెత్తిన చెక్క రెక్కల గూడు. నీళ్లు నిలవకుండా గచ్చు ఒక వాలున పోశారు. గాలి ఆడాలి గానీ గుర్రానికి చలి కొట్టకూడదని కిటికీలు దాని వీపు కంటే ఎత్తులో పెట్టారు. తర్వాత ఎలుకలు ఎక్కకుండా రాతి గుంజల మీద ధాన్యపు కొట్టు లేచింది, సగం నేలలోకి దించిన పాలగది లేచింది. అన్నిటికన్నా ఆఖరున, మిగిలిపోయిన ఇటుకలతో, సాల వెనక గోడకు ఆనించి బట్టలుతికే కొట్టు కట్టారు. కింద రాగి కాగులు, పైన పనివాళ్లకు ఒక గది. ఆ గదికి ఒకవైపు సాల గోడ అడ్డం, రెండోవైపు బంగళా తోట. షికారుకొచ్చిన వాళ్లకు పనివాళ్ల మొహాలు కనబడకూడదని అటు కిటికీ పెట్టనివ్వలేదు.

గంజమ్మ కాపురం ఆ గదిలోనే. అసలు పేరు పుట్టింట్లోనే ఉండిపోయింది. ఎప్పుడు చూసినా మోచేతుల దాకా గంజి ఎండి ఉండేది కనక అందరికీ గంజమ్మే అయింది. మొగుడు గుర్రాలు చూసుకునేవాడు. కింద కాగులు మరిగినంతసేపూ ఆవిరి చెక్కల సందుల్లోంచి గదిలోకి ఎక్కేది. గోడలు చెమర్చేవి. బంగళా దుప్పట్లన్నీ ఎండలో పెళపెళలాడించే మనిషికి తన దుప్పటి మాత్రం ఏనాడూ పూర్తిగా ఆరేది కాదు.

"పుట్టడంలోనే పొరపాటు జరిగిందే. ఒక తోకుంటే మనకీ కిటికీ ఉండేది," అనేవాడు మొగుడు.

ఆమె నవ్వేది. ఇద్దరు పిల్లలు ఆ గదిలోనే పోయాక ఆ మాటకు నవ్వడం మానేసింది. మిగిలింది ఒక్క కూతురు.

కూతురు పెళ్లీడుకొచ్చేసరికి బంగళాకు కారొచ్చింది. గుర్రాల్ని అమ్మేశారు. మొగుడి చేతికి తోటపని పలుగిచ్చారు. అయినా పొద్దున్నే వెళ్లి ఖాళీ సాల ఊడ్చి వచ్చేవాడు. ఎందుకయ్యా అంటే, "చేతులు ఊరుకోవు," అనేవాడు.

ఆ ఏడే కూతురికి దగ్గు పట్టుకుంది. కుదిపి కుదిపి వచ్చే దగ్గు. డాక్టరు మెట్లెక్కి వచ్చి, గోడ మీద చెయ్యి పెట్టి, తడి చూసుకున్నాడు. "ముందు ఈ పిల్లని ఇక్కణ్ణించి మార్చండి. మందు సంగతి తర్వాత," అన్నాడు.

గంజమ్మ మేనేజరు దగ్గరికెళ్లింది.

"సాల ఖాళీగానే ఉందిగా అయ్యా. ఒక్క మూల ఇప్పించండి."

"అది కారు పెట్టుకోడానికి. అయినా సాలలో మనుషులుంటారా? చూసినవాళ్లేమనుకుంటారు?"

"చూసేవాళ్లు ఇన్నాళ్లూ ఎటు చూశారయ్యా?"

ఆయన మొహం మాడిపోయింది. "హద్దు మీరుతున్నావు, వెళ్లు," అన్నాడు.

ఆమె వెళ్లింది, సాలలోకే. మొగుడు వద్దు వద్దంటూనే మంచం రెండో కొస పట్టుకున్నాడు. ఒకప్పుడు తెల్లగుర్రం ఉండే అరలో గచ్చు కడిగి, ఆరాక, పిల్లని పడుకోబెట్టారు. పిల్ల దుప్పటి చెంపకి ఆనించుకుని, "అమ్మా, ఇక్కడ దుప్పటి దుప్పటిలా ఉందే," అంది. గంజమ్మ మొహం తిప్పుకుంది.

మర్నాడు మేనేజరు ఇద్దరు మనుషుల్ని వెంటేసుకొచ్చాడు. ఆమె తగువాడలేదు, ఏడవలేదు. కాగుల కింద మంట ఆర్పేసి వచ్చి సాల గుమ్మంలో కూర్చుంది. బంగళా నిండా చుట్టాలు. మాసిన బట్టలు గుట్టపడ్డాయి. చివరికి దొరసానిగారే దిగొచ్చారు. ఆ కొట్టులో ఆవిడ అడుగు పెట్టడం అదే మొదలు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని పై గదికి సగం మెట్లెక్కి, అక్కడే కాసేపు నిలబడి, దిగిపోయారు.

"ఈ వానలు తగ్గేదాకా ఉండనీ," అన్నారు మేనేజరుతో. గంజమ్మ వైపు చూడలేదు.

ఆమె మళ్లీ మంట రాజేసింది.

కొన్నాళ్లు పిల్ల తేరుకున్నట్టే కనబడింది. నాలుగు ముద్దలు తినేది. చెక్క రెక్కల్లోంచి దిగే వెలుతురు కింద చెయ్యి పెట్టి ఆడుకునేది, పసిపిల్లలా. తండ్రి పక్కన కూర్చుని ఏ గుర్రం ఎవర్ని కరిచిందో, మేనేజర్ని ఏది తన్నిందో కథలు చెప్పేవాడు. నవ్వితే దగ్గొస్తుందని గంజమ్మ కసిరేది. కానీ జబ్బు అప్పటికే లోపల తినాల్సింది తినేసింది. వానలు తగ్గుముఖం పట్టాక ఒక ఉదయం, తల్లి జడ వేస్తుండగా పిల్ల తల ఆమె చేతిలోకి వాలిపోయింది. కాసేపటిదాకా నిద్రే అనుకుని గంజమ్మ జడ అల్లుతూనే ఉంది.

దినాలు అయ్యాయో లేదో మేనేజరు వచ్చాడు. ఈసారి గొంతు మెత్తగానే ఉంది. "వానలు పోయాయి కదా. కారు లోపల పెట్టాలి. మీరు పైకి ఎక్కెయ్యండి."

"ఆ గదిలోకి నేనెక్కను," అంది గంజమ్మ.

మొగుడు గిన్నెలు మూట కట్టాడు. జన్మలో ఎవరికీ ఎదురు చెప్పని మనిషి. మూట మెట్ల వైపు తీసుకెళతాడేమోనని ఆమె చూస్తూ నిలబడింది. అతను గేటు వైపు నడిచాడు.

దారిలో ఎదురుగా ఒక బండి వచ్చింది. కొత్తగా బట్టల పనికి కుదిరిన మనిషి, ఒళ్లో చంటిబిడ్డ. గంజమ్మ బండి ఆపింది.

"చెల్లీ, పైన గదిస్తారు. బిడ్డని అక్కడ పడుకోబెట్టకు."

"మరి ఎక్కడ పడుకోబెట్టనక్కా?"

గంజమ్మ బిడ్డ కాలిమీంచి జారిపోతున్న గుడ్డని సరిచేసింది. "వెళ్దాం పదవే," అన్నాడు మొగుడు. బండి ఎస్టేటు వైపు సాగిపోయింది.