పిన్ని చదివిన ముగింపు

మా పిన్ని పోయిందని ఆదివారం పొద్దున ఫోనొచ్చింది. అప్పుడు నేను స్కూలు గ్రౌండులో ఆడపిల్లల చేత కబడ్డీ ప్రాక్టీసు చేయిస్తున్నాను. ఏడుపు ఆ రోజే ఏడ్చేశాను. పెద్దకర్మ నాడు వచ్చిన కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

భోజనాల దగ్గర మా బాబాయి తమ్ముడు, "మంచిదే పాపం, ఆ పనికిమాలిన ప్రేమ నవలల పిచ్చి ఒక్కటే" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆ నవలల్ని అప్పటికే గోతాంలో కుక్కి, పాత పేపర్లవాడి కోసం వాకిట్లో పెట్టేశాడు కూడా. నాకు ఒళ్లు మండిపోయింది. గోతాం మా ఇంటికి ఎత్తుకొచ్చేశాను.

ఆ పనికిమాలిన నవలల సంగతి నేను చెప్తాను, వినండి. ఎండాకాలం మా ఊరి కోల్డ్ స్టోరేజీ పక్క షెడ్డులో ఆడవాళ్లు మిరపకాయల తొడాలు తీసేవాళ్లు. వాళ్లలో చదువొచ్చింది పిన్నికొక్కదానికే. ఆమె పైకి చదువుతుంటే మిగతావాళ్లు వింటూ, ఆమె పని వెనకబడకుండా తొడాలు తీసిన కాయలు తలా గుప్పెడు ఆమె కుప్పలో వేసేవాళ్లు. ఆటా ప్రేమా రెండూ ఉన్న నవలైతేనే ఆమె పట్టుకునేది. ఘాటుకి తుమ్ముతూనే చదివేది.

"అన్నీ ఒకేలా ఉంటాయి కదా, ఎందుకు పిన్నీ?" అనడిగాను ఒకసారి.

"మన ఇళ్లల్లో పిల్లని చూడ్డానికొచ్చినోడు రంగు చూస్తాడు, వంటొచ్చా అంటాడు. ఇందులోవాడు మోకాళ్లు చెక్కుకుపోయి చెమటలు కారే పిల్లని చూసి మనసు పారేసుకుంటాడే. అది ఓడిపోయిన రోజున కూడా గేటు దగ్గర నిలబడి ఉంటాడు. గెలిచినప్పుడు ఎవడైనా వస్తాడు."

పిన్ని కోసం అలా ఎవరూ నిలబడలేదు. బాబాయి ఆమెని పక్క ఊరి తిరనాళ్లకైనా తీసుకెళ్లి ఎరగడు. బాబాయి చేసినదాన్ని మాత్రం పిచ్చని ఎవరూ అనరు.

నన్ను ఒంగోలులో జిల్లా కబడ్డీ జట్టు సెలక్షన్లకి పిలిచిన ఏడు, సంబంధం కుదిరేలా ఉందని అమ్మ పంపనంది. ఆ వారమే షెడ్డులో ఒక కబడ్డీ నవల చివరికొచ్చింది. అమ్మ కూడా అక్కడే తొడాలు తీస్తోంది.

"ఆ పిల్ల పెళ్లయ్యాక ఆట మానేసిందా?" అంది అమ్మ.

"లేదక్కా. మంగళసూత్రం తీసి మొగుడి చేతిలో పెట్టి కూతకెళ్లింది. ఆట అయ్యేదాకా వాడు గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాడు. ఇదిగో, రాసుంది" అని పిన్ని పుస్తకం తిప్పి చూపించింది.

అమ్మకి చదువు రాదు. చాలాసేపు ఆ పేజీ వంకే చూసింది. ఇంటికెళ్లే దారిలో "సరే, వెళ్లిరా" అంది. ఈ ఉద్యోగం, ఈ గ్రౌండు అన్నీ ఆ మాట తర్వాతే.

నిన్న గోతాంలో ఆ నవల దొరికింది. చివరి పేజీ తీశాను. ఆ పిల్ల జెర్సీ మడిచి పెట్టె అడుగున పెట్టేసి, "ఇక నా ఆటా పాటా మీరే" అంటూ మొగుడికి కాఫీ అందిస్తుంది. అంతే, శుభం. రాసిన మహానుభావుడు ఎదురుపడితే నాలుగు దులిపేసేదాన్ని. అంతా నా కష్టమేనని ఇన్నేళ్లూ పిల్లలకి గొప్పలు చెప్పుకున్న నన్ను ఎవరు దులపాలి? ఆమె బతికుండగా ఒక్కసారైనా ఆ పుస్తకం తెరవలేదు నేను.

ఆ పిల్ల చెప్పిన మాటల మీద మిరపకాయల ఎరుపు అంటిన బొటనవేలి ముద్ర ఉంది. గట్టిగా నొక్కి పట్టుకున్నట్టుంది, అక్షరాలు సగం చెరిగిపోయాయి.