పది తీగల గిటారు, ఒక కండె

మొన్న మిక్సీ జారు కింద వేసే రబ్బరు వాషర్ కోసం తమిళనాడులోని మా తిరువళ్ళూరు బజారులో ఒక సర్వీస్ సెంటరుకు వెళ్ళాను. మెడలో కార్డు వేలాడదీసుకున్న పెద్దమనిషి ఒకాయన జారును తలకిందులు చేసి చూసి, "ఈ మోడల్ నిలిపేసినారు సార్, కొత్త మిక్సీ తీసుకోండి" అన్నాడు. గోరంత రబ్బరు ముక్క లేదని చెప్పడానికి ఆయన ముఖంలో ఎంత గాంభీర్యమో! చావు కబురు చెప్పే డాక్టరు కూడా అంత సాధన చేసి ఉండడు. వెతకడానికి ఒళ్ళు వంగనివాళ్ళందరికీ ఈ "నిలిపేసినారు" అన్న మాట పెద్ద వరం. అది వినగానే నాకు మా మేనమామా, ఆయన పెడల్ స్టీల్ గిటారూ గుర్తుకొచ్చి, జారు చంకలో పెట్టుకుని నవ్వుకుంటూ బయటపడ్డాను.

ఆ గిటారును ఎప్పుడూ చూడనివాళ్ళు ఇస్త్రీ బల్ల అనుకుంటారు. మా అత్త ముప్పై ఏళ్ళుగా చూస్తూ కూడా అలాగే పిలిచేది. నాలుగు కాళ్ళ బల్ల, దాని మీద పడుకోబెట్టిన పది తీగలు, కింద కుట్టుమిషనుకు ఉన్నట్టు పెడళ్ళు. కుర్చీలో కూర్చుని ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తుంటే స్వరం పాకం లాగా సాగుతుంది. అది మామ చేతికి ఎలా వచ్చిందన్నదానికి నా దగ్గర మూడు కథలున్నాయి. ఓడలో వాయించే దొర ఒకడు మద్రాసు హార్బరులో పేకాట ఆడి ఓడిపోయి వదిలిపోయాడన్నది వాటిలో అబద్ధం అన్నిటికన్నా తక్కువున్న కథ. ఏమైతేనేం, ఫ్యాక్టరీ నుంచి రిటైరైన మామకు మా తెలుగు చర్చిలో స్టీల్ గిటారు వెనక ఉన్న కుర్చీ ఒక్కటే మిగిలిన ఉద్యోగం. అందులో కూర్చుని ఆయన పాస్టరుగారి శ్రుతినీ, తబలా ఆయన తాళాన్నీ, మొత్తం కోయిర్ గొంతునూ సమానంగా ఈసడించుకునేవాడు. మేనల్లుడినైనందుకు నాకు మినహాయింపేమీ లేదు.

రెండేళ్ళ కిందట, గుడ్ ఫ్రైడే ఇంకో నెల ఉందనగా, గిటారు మూగబోయింది. తీగల కింద పికప్ అని ఒక భాగం ఉంటుంది. నాలుగంగుళాల అచ్చులో అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగితీగ వేల చుట్లు. తీగల అదురును స్పీకరు దాకా మోసేది అదే. ఆ రాగితీగ లోపలెక్కడో తెగింది.

చర్చి సెక్రటరీ మరుసటి ఆదివారమే వచ్చి మామ భుజం మీద చెయ్యేశాడు. "నువ్వేం కవలపడొద్దన్నా. కీబోర్డులో స్టీల్ గిటార్ బటన్ ఉండాది. నొక్కితే అదే సౌండు. గుడ్ ఫ్రైడే దినం నీకు పొన్నాడై కప్పి, రెస్టు ఇచ్చేస్తాం."

కవల అంటే దిగులు, పొన్నాడై అంటే సన్మానపు శాలువా. మా వైపు మనిషిని మర్యాదగా గెంటాలంటే మెడ పట్టుకోరు, భుజాల మీద అది కప్పుతారు.

"బటన్ నొక్కేదానికి లిఫ్టులో ఆపరేటర్లు ఉండారు, వాళ్ళను పిలుచుకోపో" అన్నాడు మామ. కానీ ఆ రాత్రి అన్నం సగంలోనే లేచాడని అత్త నాతో చెప్పింది. కుర్చీ పోతే ఆయన ఏమవుతాడో మా ఇద్దరికీ తెలుసు. ఈసడించుకోవడానికి ఇంట్లో అత్త ఒక్కతే మిగులుతుంది.

తయారుచేసిన విదేశీ కంపెనీకి ఈమెయిల్ పెడితే, ఆ పికప్ నిలిపేశామనీ, మాతో మాట్లాడినందుకు ధన్యవాదాలనీ జవాబొచ్చింది. చెన్నైలో పెద్ద షాపుకు వెళితే టై కట్టుకున్న ఒక మేధావి ఆరు తీగలకు సరిపోయే పికప్ చేతిలో పెట్టి, "నాలుగు తీగలు పీకేయండి సార్, సరిపోతుంది" అన్నాడు. మామ ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నీకు చెప్పులు చిన్నవైతే వేళ్ళు కోసుకుంటావా అయ్యా?" అని అడిగి వచ్చేశాడు.

చివరికి తిరుత్తణిలో ఫ్యాన్లకూ, బావి మోటార్లకూ వైండింగ్ చేసే ఒకాయన ఉన్నాడని తెలిసి, పికప్ ఊడదీసుకుని రైలెక్కాం. ఎలాగూ అటు పోతున్నాం కదా, అత్తిమంజేరిపేటలో పుట్టిల్లు చూసి వస్తానని అత్త కూడా మా వెంట బయల్దేరింది. వైండింగ్ ఆయన మంచివాడు, గుడి గంటంత బరువున్న కాయిల్సు చుట్టిన చేతులు. ఆ చేతుల్లో, ఆ మిషన్ మీద, సన్నతీగ నాలుగుసార్లు పుటుక్కుమంది.

"ఇది తీగ గాదన్నా, సాలెపురుగు నూలు. నా వల్ల గాదు. తీగ రీలు ఇస్తా, యాడన్నా చుట్టించుకోండి. కొసలకు సోల్డర్ మాత్రం నేను పెడతా" అన్నాడు.

మామ ఆయన వంశాన్ని మొత్తం తక్కువ చేసి మాట్లాడుతూ అత్తిమంజేరిపేట బస్సెక్కాడు. అత్త పుట్టిల్లు నేతగాళ్ళది, ఇప్పుడంతా పవర్‌లూమే. భోజనాలయ్యాక కూడా మామ వరండాలో కూర్చుని లోకాన్ని తిడుతూనే ఉన్నాడు. అత్త కాసేపు విని, లోపలికి వెళ్ళి, అటక మీది నుంచి పాత రాట్నం దింపించుకుని వచ్చింది. పెళ్ళికి ముందు ఆమె మగ్గానికి నూలు కండెలు చుట్టేది. ఆ సంగతి నాకు తెలుసు, ఊరికి తెలుసు. మామ మాత్రం ఎప్పుడూ అడిగిన పాపాన పోలేదు.

"ఇట్లా ఇయ్యి దాన్ని."

"దారం చుట్టే పని గాదే ఇది. సంగీతం."

"తెగిందేమి, సంగీతమా? తీగే గదా. సుమ్మా, ఊరికే రీలు పట్టుకోని కూసో."

ఆయన కూర్చున్నాడు. ఆమె పికప్ అచ్చును కదురుకు బిగించి, తీగను రెండు వేళ్ళ మధ్య పాత చీర పీలికతో పట్టుకుని, చక్రం తిప్పింది. ఆ వేళ్ళు తీగను పట్టుకున్నాయో వదిలేశాయో చెప్పడం కష్టం. "ఎన్ని చుట్లో లెక్క పెట్టొద్దా?" అని మామ గొణిగితే, "కండె నిండినప్పుడు కండే చెప్తాది" అంది. తీగ ఒక్కసారి కూడా తెగలేదు. నేను ఎక్కడైనా కోతలు కోస్తానేమో గానీ ఈ ముక్కలో మాత్రం కొయ్యడం లేదు.

గుడ్ ఫ్రైడే నాడు మామ వాయించాడు. పాత స్వరం కాదది. అత్త అంచుల దాకా నింపేసింది కాబోలు, మునుపటి కీచుదనం పోయి, స్వరం లావెక్కి, కింది గొంతుతో మాట్లాడింది. కోయిర్ వాళ్ళు తమ వంతు వచ్చినా పాడడం మరిచి నిలబడ్డారు. ఆరాధన అయ్యాక సెక్రటరీ, విప్పని పొన్నాడై ప్యాకెట్టు చంకలో ఇరికించుకుని, "ఏ దేశం పికప్ అన్నా ఇది?" అని అడిగాడు.

మామ ఆడవాళ్ళ వరసల వైపు చూశాడు. "మా అత్తగారి ఊరిది" అన్నాడు.

ఆ కుర్చీలో ఇప్పటికీ ఆయనే. తబలా తాళం మీద ఈసడింపు కూడా అలాగే ఉంది. అత్తిమంజేరిపేట వరండాలో రీలు పట్టుకుని మాట్లాడకుండా కూర్చున్న గంటన్నర తన జన్మలోకెల్లా పొడుగైనదని ఇప్పటికీ చెబుతుంటాడు. నాకు మాత్రం ఆ గంటన్నర ముప్పై ఏళ్ళు ఆలస్యంగా వచ్చిందనిపిస్తుంది.