ముందు వరసలో నిలబడ్డ కిషోర్

ఆటల పీరియడ్ బెల్లు కొడితే చాలు... మా చిన్నప్పుడు, పెడన దగ్గర మా హైస్కూల్లో, గ్రౌండంతా మగపిల్లలదే. ఆడపిల్లలం వరండాలో కూర్చుని వాళ్ళ వాలీబాల్ చూసేవాళ్ళం.

ఎనిమిదో తరగతిలో ఉండగా విమలా మేడమ్ వచ్చారు, కొత్త డ్రిల్ టీచరు. గుడివాడ నుంచి బస్సులో, ఒళ్ళో టేప్‌రికార్డర్ పెట్టుకుని వచ్చేవారు.

"ఏరోబిక్స్ అంటే పాటకి తగ్గట్టు చేసే వ్యాయామం, ఆడా మగా అందరికీ. రండి, నిలబడండి," అన్నారు.

మగపిల్లలు నవ్వి పారిపోయారు. ఒక్క కిషోర్ ఆగాడు.

సన్నగా ఉండేవాడు... ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. పాట మొదలైతే మాత్రం వేరే మనిషైపోయేవాడు. అంత తేలిగ్గా కదిలే పిల్లాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. బందరులో పోటీలున్నాయని మేడమ్ వాణ్ణే ముందు వరసలో, మా అందరికీ మధ్యలో నిలబెట్టారు.

ఊళ్ళో నవ్వుకోవడం మొదలైంది. వాడి పేరుకి 'అమ్మ' తగిలించి పిలిచేవాళ్ళు. వాడు పట్టించుకోలేదు...

ఒకరోజు ప్రాక్టీసు మధ్యలో వాళ్ళ నాన్న వచ్చాడు. బట్టల మీద రంగుల అద్దకం పని చేసేవాడు. చేతులకి ఎర్రరంగు... కడుక్కోకుండానే వచ్చేశాడు.

"ఇది వ్యాయామమేనండీ," అంటూ మేడమ్ ఎదురెళ్ళారు.

"అయితే వాలీబాల్ ఆడించండి మేడమ్ గారూ. ఆడపిల్లల మధ్య ఈ గెంతులేంటండీ? బజార్లో తలెత్తుకోలేకపోతున్నాను."

గొంతు పెంచలేదు. కొట్టలేదు. కిషోర్ భుజం పట్టుకుని తీసుకెళ్ళిపోయాడు. వాడి తెల్లచొక్కా మీద నాలుగు ఎర్రటి వేళ్ళు పడ్డాయి. పాట ఇంకా మోగుతూనే ఉంది... ఎవరికీ ఆపాలని తోచలేదు.

తర్వాత వాణ్ణి వాలీబాల్లో నిలబెట్టారు. బంతి వచ్చి పక్కన పడినా చెయ్యెత్తేవాడు కాదు.

కాలు బెణికిందని ఓసారి నేను క్లాసులోనే ఉండిపోయాను. వాడూ ఉన్నాడు. బయట టేప్ మోగింది. బెంచీ కింద వాడి కుడికాలు తాళం వెయ్యడం మొదలుపెట్టింది... చూసుకున్నాడు. ఎడమకాలు తెచ్చి దాని మీద గట్టిగా తొక్కిపెట్టాడు. పాట అయిపోయేదాకా తియ్యలేదు.

బందరు పోటీలకి వాడు లేకుండానే వెళ్ళాం. బహుమతేమీ రాలేదు. మేడమ్ కూడా బదిలీ అయిపోయారు.

మొన్నామధ్య పామర్రులో ఒక పెళ్ళిలో కనిపించాడు. పొట్ట వచ్చింది, జుట్టు పల్చబడింది. డీజే ముందు ముసలీ ముతకా అందరూ ఆడుతున్నారు. వాడి చిన్నకూతురు వచ్చి చెయ్యి పట్టి లాగింది.

"రా నాన్నా... ఆడదాం."

కిషోర్ నవ్వాడు.

"నాకు రాదమ్మా," అన్నాడు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు...

ఇప్పుడు బందరులో జిమ్ముల్లో ఆడా మగా కలిసే పాటలకి ఎక్సర్‌సైజులు చేస్తున్నారు. ఎవరూ నవ్వడం లేదు. మీ బడిలోనూ ఇలా ఆపేసిన పిల్లలు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ళ గురించి ఒక మాట చెప్పండి... వింటాను.