నాయిన గొంతుతో క్రిస్మస్ సినిమా

మా ఇంట్లో క్రిస్మస్ సినిమా అంటే ఒక్కటే. మంచు దేశంలో ఒక చిన్నపిల్ల పండగ ముందురోజు పొరపాటున వేరే స్టేషన్లో రైలు దిగిపోతుంది. వెంట ఒక కుక్క. ఆ ఊరి చర్చిలో పెట్టిన కానుకలను ఇద్దరు దొంగలు ఎత్తుకుపోతుంటే చూస్తుంది. స్టేషన్ మాస్టరు ముసలాయన మొదట నమ్మడు, తర్వాత నమ్ముతాడు. అంతే కథ. ఊళ్లో ఒక వీడియో షాపు మూసేస్తూ సామాను అమ్ముతుంటే నాయిన ఆ సీడీ తెచ్చాడు. అట్ట మీద క్రిస్మస్ చెట్టు బొమ్మ ఉందని తెచ్చాడు గానీ, అది ఇంగ్లీషు సినిమా అని ఇంటికొచ్చి పెట్టేదాకా ఆయనకూ తెలియదు.

అప్పుడు నేను ఆరో తరగతి. ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు. కాసేపటికే అందరం బిక్కమొహాలు వేశాం. నాయిన లేచి టీవీ సౌండు పూర్తిగా తగ్గించి, బొమ్మ చూస్తూ తానే మాట్లాడటం మొదలుపెట్టాడు. పిల్లకు ఒక గొంతు, దొంగలకు రెండు గొంతులు, కుక్కకు కూడా ఒక గొంతు. పిల్ల దిగింది మా జహీరాబాద్ పక్కనే ఉన్న చిరాగ్‌పల్లిలో. దొంగలు హైవే పక్కన లారీ ఆపుకుని కూర్చున్నారు. స్టేషన్ మాస్టరు మా వీధిలో గడియారాలు బాగుచేసే పెద్దాయనలాగా "జర రుకో బేటీ" అని దగ్గుతాడు. మేం కడుపు పట్టుకుని నవ్వాం. నాయిన ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆ మిషన్ల మోతలో మాట వినిపించాలంటే అరవాలి కాబట్టి ఆయన మామూలు మాటే పక్కింటికి వినిపించేది.

అప్పట్నుంచి ఏటా అదే. చర్చి నుంచి రావడం, బిర్యానీ తినడం, కిటికీకి దుప్పటి కట్టి వెలుతురు ఆపడం, ఆ సినిమా పెట్టడం. నేను చదువుకుని బళ్లో టీచర్ని అయ్యాక ఒకసారి ఎవరూ లేనప్పుడు సౌండు పెంచి విన్నాను. అసలు మాటలు ఎంత చప్పగా ఉన్నాయో. దొంగలకు వేళాకోళమే రాదు, కుక్క ఉత్తగా మొరుగుతుంది. విసుగొచ్చి ఆపేశాను.

పోయిన వానాకాలంలో నాయిన గొంతు బొంగురుపోయింది. జలుబన్నాం. అల్లం పండించే మా ఊళ్లో దేనికైనా మొదట అల్లమే, అమ్మ అల్లం దంచి, బెల్లం వేసి కషాయం పోసింది. తగ్గలేదు. నాకు భయం ఎక్కువ. నాకంటే ముందు నా భయం పుట్టిందని అమ్మ ఎగతాళి చేస్తుంది. రోజూ బడి నుంచి నేరుగా వాళ్లింటికి వెళ్లి, ఏదో ఒకటి అడిగి నాయినతో మాట్లాడించి, నిన్నటికంటే బాగుందా లేదా అని చెవి పెట్టి వినేదాన్ని. చలి మొదలై చెరకు లారీలు తిరిగేనాటికి ఆయన నోట్లోంచి మాటకంటే గాలే ఎక్కువ వచ్చేది.

హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయాం. గొంతులో గొట్టం దించి చూసి, లోపల కాయలాంటి గడ్డ ఉందని, దాంట్లోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు క్రిస్మస్ తర్వాత వస్తుందన్నారు. మామూలు కాయ అయితే గొంతు తిరిగి వస్తుందట. కాకపోతే స్వరపేటిక మొత్తం తీసేయాల్సి రావచ్చట. అప్పటిదాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, గుసగుస అసలే పనికిరాదు, దానివల్ల ఇంకా దెబ్బ తింటుందని డాక్టరు చెప్పాడు. ఆ మాట చెప్పింది నాయినకు. పట్టుకున్నది మాత్రం నేను.

నేను నా బిడ్డను తీసుకుని అమ్మావాళ్లింట్లోనే మకాం పెట్టి నాయినకు కాపలా కాశాను. ఆయన నోరు కదిలితే చాలు వేలు చూపించి ఆపేసేదాన్ని. పక్కింటివాళ్లు పలకరిస్తే నేనే జవాబు చెప్పేదాన్ని. కేరోల్స్ పాడేవాళ్లు వచ్చిన రోజు ఆయనను లోపలి గదిలో కూర్చోబెట్టి, పడుకున్నాడని వాళ్లకు చెప్పాను. ఏటా వాళ్లతో గొంతు కలిపి పాడే మనిషి. వాళ్లు వెళ్లాక బయటికొచ్చి నా వైపు చూడకుండా చెప్పులేసుకుని వీధి చివరిదాకా నడిచి వచ్చాడు. నాకు పాపమనిపించింది, కోపమూ వచ్చింది. నేను చేసేదంతా ఎవరి కోసం?

పండగ మధ్యాహ్నం సినిమా పెట్టొద్దన్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

"పండుగనాడు పెట్టకుంటే ఇంట్ల ఏదో అయిందని మనకు మనమే చెప్పుకున్నట్లయితది" అంది.

పెట్టాం. పండగనాడు సౌండుతో పెట్టడం ఆ మొదటి ఏడాది తర్వాత ఇదే. ఇంగ్లీషు బళ్లో చదివే నా బిడ్డకు ఆ మాటలన్నీ అర్థమవుతాయి. అయినా కాసేపు చూసి, ఇది మన సినిమా కాదమ్మమ్మా అని మూతి ముడుచుకుంది. తాత వైపు చూడబోయి, నా మొహం చూసి ఆగిపోయింది.

అప్పుడు అమ్మ సౌండు తగ్గించమంది. ఇన్నేళ్లూ ఆమె ఈ సినిమాను గారెల మూకుడుకూ టీవీకీ మధ్య తిరుగుతూ చూసింది. సగం కూడా చూడలేదనుకునేదాన్ని. ఆమెకు మొత్తం వచ్చు. రైలు దిగడం, చిరాగ్‌పల్లి, లారీ, అన్నీ వరసగా చెప్పుకుంటూ పోయింది. కాకపోతే సిగ్గుపడుతూ, బైబిలు చదివినట్టు ఒకే గొంతుతో చెప్పింది. నా బిడ్డ మర్యాదకు నవ్వింది. నాయిన మంచం మీద కుదురుగా కూర్చోలేకపోయాడు. దొంగలు కానుకల మూట ఎత్తే దగ్గర కుక్క ఒక మాట అనాలి, అమ్మ దాన్ని వదిలేసింది. నాయిన మంచం పట్టె మీద కొట్టాడు. అమ్మ చూడలేదు. ఆయన నోరు తెరిచాడు. "గట్ల..." అని ఏదో గీరుకుపోయిన చప్పుడు బయటికొచ్చింది.

ఎలా లేచానో తెలియదు. ఒక్క ఉదుటున వెళ్లి అరచేత్తో ఆయన నోరు మూశాను. గట్టిగానే మూశాను. చిన్నపిల్లాడి నోరు కూడా నేనెప్పుడూ అలా మూయలేదు. వేడి ఊపిరి నా చేతికి తగిలింది. ఆయన నన్ను తోసేయలేదు, కోప్పడలేదు. కళ్లు దించుకున్నాడు. తర్వాత సినిమా ఎవరి మాటా లేకుండా నడిచి అయిపోయింది. ఆ రాత్రి ఎవరూ సరిగ్గా తినలేదు.

పండగయ్యాక ముగ్గురం హైదరాబాద్ వెళ్లాం. డాక్టరు రిపోర్టు ముందు పెట్టుకుని నిదానంగా చెప్పాడు. మామూలు కాయ కాదు. ప్రాణానికి భయం లేకుండా చూసుకోవచ్చు గానీ పేటిక మొత్తం తీసేయాలి. కొత్త సంవత్సరం రాగానే ఆపరేషన్. ఆ తర్వాత ఏదో పరికరంతో మాట్లాడే ఉపాయాలు ఉన్నాయట, అవేవీ నా బుర్రకు ఎక్కలేదు. అప్పటిదాకా ఆయన ఇలాగే నోరు మూసుకుని ఉండాలా అని అడిగాను.

"అక్కర్లేదమ్మా, మాట్లాడుకోనియ్యండి" అన్నాడు.

ఆ అనుమతి కోసమే కదా అన్నాళ్లూ ప్రార్థన చేశాను. వచ్చింది. కాపాడటానికి ఇక ఏమీ మిగల్లేదు కాబట్టి వచ్చింది. ఆయనను పాడనిచ్చినా ఇదే జరిగేది. అమ్మ తన కొంగును చేతికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. నాయిన డాక్టరుకు దండం పెట్టి లేచాడు.

బస్సెక్కేదాకా ఆయన నోరు మెదపలేదు. కండక్టరు దగ్గరికొచ్చినప్పుడు అలవాటు కొద్దీ నేను నోరు తెరవబోయాను. నాయిన నా చేతి మీద చెయ్యి వేసి ఆపాడు.

"మూడు, జహీరాబాద్" అన్నాడు.

బొంగురు గొంతే. సగం గాలే. కండక్టరుకు వినపడక మళ్లీ అడిగాడు. నాయిన మళ్లీ చెప్పాడు, విసుక్కోకుండా, కావాలనే కాస్త సాగదీసి. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

మర్నాడు టిఫిన్లయ్యాక ఆయనే సినిమా పెట్టమన్నాడు. నా బిడ్డ పరుగున వెళ్లి కిటికీకి దుప్పటి కట్టింది. తాత చెప్తాడని అందరం దగ్గరగా జరిగాం. నాకైతే ఫోన్లో రికార్డు చేయాలని ఉంది, చేస్తే ఆయన ఏమనుకుంటాడోనని భయం. పిల్ల రైలు దిగింది. నాయిన రిమోట్ తీసుకుని బొమ్మ ఆపి, అమ్మను పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

దొంగల గొంతు అంత మెల్లగా ఉంటే ఎవరూ భయపడరని, స్టేషన్ మాస్టరు మాటకు ముందే దగ్గాలని, కుక్కను మర్చిపోతే పిల్లలు ఊరుకోరని, ఒక్కొక్కటీ ఆగి ఆగి, ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. ఆయన ఏం చేస్తున్నాడో అమ్మకు నాకంటే ముందే తెలిసింది. మొహం గట్టిపడింది.

"నేను నేర్వ. వచ్చే క్రిస్మస్‌కు గూడ నువ్వే చెప్తవ్" అంది.

"ఇన్నేండ్లు చెప్పుకుంటనే ఉన్న. ఒక్కసారన్న కూసొని చూసిన్నా?" అన్నాడు నాయిన. కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నాకు వినాల్నని ఉంది. జర చెప్పరాదు."

అమ్మ కొంగు సర్దుకుని టీవీ వైపు తిరిగింది. నా బిడ్డ ఆమె ఒళ్లోకి జరిగింది. చివరికి అమ్మే రిమోట్ అందుకుని నొక్కింది. దొంగలు లారీ దగ్గరికి వచ్చారు. అమ్మ గొంతు లావు చేసి మాట్లాడింది, మధ్యలో గొంతు పూడుకుపోతే దగ్గి, దాన్ని స్టేషన్ మాస్టరు దగ్గుగా మార్చేసింది. బిడ్డ ఈసారి నిజంగానే నవ్వింది. నాయిన గోడకు ఆనుకుని చెవులప్పగించి విన్నాడు. కానుకల మూట దగ్గరికి వచ్చేసరికి కుక్క మాట అమ్మకు గుర్తు రాలేదు. ఆగిపోయి నాయిన వైపు చూసింది. ఆయనకు ఆ మాట తెలుసు, చెప్పడానికి గొంతూ ఉంది. అయినా ఏమీ అనకుండా, ఆమెకు గుర్తొచ్చేదాకా కూర్చున్నాడు.